మెట్లెక్కితే ఆయాసం.. ఈసీజీ, ఎకో మాత్రం నార్మల్: 'సీపెట్' పరీక్ష ఏం చెబుతుంది? ఎవరికి అవసరం?

రెండంతస్తులు ఎక్కేసరికి దమ్ము చాలడం లేదు. ఆసుపత్రికి వెళ్లారు. ఈసీజీ తీశారు, ఎకో చేశారు. 'అంతా నార్మల్‌గానే ఉంది' అన్నారు. గ్యాస్ అయి ఉంటుందనో, టెన్షన్ తగ్గించుకోమనో చెప్పి పంపించారు. ఇంటికొచ్చాక చూస్తే ఆయాసం అలాగే ఉంది. మీకో, మీ ఇంట్లో ఎవరికో ఇలా జరిగి ఉంటే ఈ కథనం మీ కోసమే.

ఈసీజీ, ఎకో సాధారణంగా మనం మంచం మీద కదలకుండా పడుకున్నప్పుడు తీసే పరీక్షలు. ఆయాసం వచ్చేది మాత్రం నడిచేటప్పుడు, బరువు మోసేటప్పుడు, మెట్లెక్కేటప్పుడు. విశ్రాంతిలో బాగానే కనిపించే గుండె, శ్రమలో వెనకబడవచ్చు. అసలు ఇబ్బంది గుండెలో కాకుండా ఊపిరితిత్తుల్లోనో, రక్తంలోనో, కండరాల్లోనో కూడా ఉండవచ్చు. ఆ తేడా చెప్పగలిగే పరీక్షే కార్డియోపల్మనరీ ఎక్సర్‌సైజ్ టెస్ట్. డాక్టర్లు దీన్ని క్లుప్తంగా 'సీపెట్' అంటారు.

శంషాబాద్, విమానాశ్రయం పరిసరాల్లో ఉండేవారు ఈ పరీక్ష కోసం ఎలా ముందుకు వెళ్లాలి, అంతకంటే ముందు ఏయే పరీక్షలు ఉచితంగా చేయించుకోవచ్చు, రిపోర్టు చేతికొచ్చాక ఏ అంకెలు చూడాలి అన్నది ఒక్కొక్కటిగా చూద్దాం.

ముఖ్యాంశాలు

• సీపెట్‌లో మీరు సైకిల్ తొక్కుతూనో, ట్రెడ్‌మిల్‌పై నడుస్తూనో ఉండగా పీల్చే, వదిలే గాలిని కొలుస్తారు. శరీరం నిమిషానికి ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో నేరుగా తెలుస్తుంది.

• ఆయాసానికి కారణం గుండా, ఊపిరితిత్తులా, ఇంకేదైనానా అన్నది తేల్చడంలో ఇది బాగా పనికొస్తుంది.

• రక్తనాళాల్లో బ్లాక్ ఎక్కడుందో ఇది చూపదు. యాంజియోగ్రామ్‌కు ఇది ప్రత్యామ్నాయం కాదు.

• ఇది అందరూ ఏటా చేయించుకోవాల్సిన పరీక్ష కాదు. డాక్టర్ దగ్గర ఒక స్పష్టమైన ప్రశ్న ఉన్నప్పుడే దీనివల్ల ప్రయోజనం.

• ఛాతీనొప్పి ఇప్పుడే వస్తుంటే ఏ పరీక్ష కోసమూ ఆగవద్దు. 108కి ఫోన్ చేయండి.

టీఎంటీ చేయించుకున్నాం కదా, మళ్లీ ఇదెందుకు?

ఇది చాలామందికి వచ్చే మొదటి సందేహం. రెండింటిలోనూ నడవాలి, ఒంటికి ఈసీజీ వైర్లు ఉంటాయి, బీపీ చూస్తుంటారు. అందుకే ఒకటే అనిపిస్తుంది.

టీఎంటీలో ఎక్కువగా వాడేది బ్రూస్ ప్రోటోకాల్. అమెరికా కార్డియాలజిస్టు రాబర్ట్ బ్రూస్ 1963లో ఇచ్చిన పద్ధతి ఇది. మూడు నిమిషాలకోసారి ట్రెడ్‌మిల్ వేగం, వాలు పెరుగుతాయి. గుండె కండరానికి రక్తం చాలనప్పుడు ఈసీజీలో వచ్చే మార్పులను పట్టుకోవడమే దీని ప్రధాన లక్ష్యం. ఎంత దూరం నడిచారన్న దాన్నిబట్టి మీ సామర్థ్యాన్ని లెక్కగడతారు. అది అంచనా మాత్రమే.

సీపెట్‌లో వీటికి తోడు ముఖానికి మాస్కు పెడతారు. ప్రతి శ్వాసలో ఎంత గాలి వెళ్లింది, అందులో ఎంత ఆక్సిజన్‌ను శరీరం తీసుకుంది, ఎంత కార్బన్ డై ఆక్సైడ్‌ను వదిలింది అన్నది యంత్రం కొలుస్తుంది. టీఎంటీలో 'నెగటివ్' వచ్చినా ఆయాసం తగ్గనివారికి జవాబు దొరికే అవకాశం ఇక్కడే ఉంది.

ముక్కు దగ్గర కొలిస్తే గుండె సంగతి ఎలా తెలుస్తుంది?

ఆక్సిజన్ ప్రయాణం నాలుగు మజిలీలుగా ఉంటుంది. ఊపిరితిత్తులు గాలిలోంచి దాన్ని తీసుకుంటాయి. రక్తంలోని హిమోగ్లోబిన్ మోసుకెళ్తుంది. గుండె ఆ రక్తాన్ని పంప్ చేస్తుంది. చివరగా కండరాలు దాన్ని వాడుకుని శక్తిని తయారుచేసుకుంటాయి. ఈ నాలుగింట్లో ఏది తగ్గినా చివరికి వాడుకునే ఆక్సిజన్ తగ్గుతుంది. అయితే ఏది తగ్గిందన్న దాన్నిబట్టి అంకెల తీరు మారుతుంది. సీపెట్ చదివే డాక్టర్ చూసేది ఆ తీరునే.

కదలకుండా కూర్చున్న పెద్ద మనిషి నిమిషానికి సుమారు 250 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకుంటాడు. గుండె నిమిషానికి దాదాపు 5 లీటర్ల రక్తాన్ని పంప్ చేస్తుంది. గట్టిగా శ్రమిస్తే ఆరోగ్యవంతుడి గుండె 15 నుంచి 20 లీటర్ల దాకా పంప్ చేయగలదు. ఈ రెండింటి మధ్య ఉన్న తేడానే మనకున్న 'రిజర్వు'. విశ్రాంతిలో చేసే పరీక్షల్లో ఈ రిజర్వు కనిపించదు.

శ్రమకు ఒక గరిష్ఠ పరిమితి ఉంటుందని, దాన్ని ఆక్సిజన్ లెక్కలో చెప్పవచ్చని 1920ల్లో బ్రిటిష్ శాస్త్రవేత్త ఏ.వి.హిల్ చూపించారు. కండరం లాక్టిక్ ఆమ్లంతోనే పనిచేస్తుందని అప్పట్లో అనుకునేవారు. ఆ భావనను మార్చినవారిలో మన తెలుగు శాస్త్రవేత్త ఉన్నారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వెలుగులోకి తెచ్చారు. కండరం కదలడానికి వాడుకునే శక్తి ఏటీపీదే. మనం పీల్చే ఆక్సిజన్‌లో సింహభాగం ఆ ఏటీపీని తిరిగి నింపడానికే ఖర్చవుతుంది.

శ్రమ పెరిగేకొద్దీ ఒక దశలో ఆక్సిజన్ ద్వారా వచ్చే శక్తి చాలదు. రక్తంలో లాక్టేట్ పెరుగుతుంది, కార్బన్ డై ఆక్సైడ్ ఎక్కువగా బయటకు వస్తుంది. సూది గుచ్చకుండానే, శ్వాసలోని మార్పునుబట్టి ఈ దశను గుర్తించవచ్చని 1964లో కార్ల్‌మన్ వాసర్‌మన్, మెకిల్‌రాయ్ ప్రతిపాదించారు. దీన్నే 'అనేరోబిక్ థ్రెషోల్డ్' అంటారు. నేటి సీపెట్‌కు పునాది అదే.

పరీక్ష గదిలో ఏం జరుగుతుంది?

మొత్తం ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. అందులో మీరు గట్టిగా శ్రమించేది 8 నుంచి 12 నిమిషాలే.

మొదట కూర్చోబెట్టి స్పైరోమెట్రీ చేస్తారు. గట్టిగా ఊది చూపించాలి. తర్వాత ఛాతీకి ఈసీజీ వైర్లు, చేతికి బీపీ పట్టీ, వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు, ముఖానికి బిగుతుగా మాస్కు పెడతారు. రెండు మూడు నిమిషాలు ఊరికే కూర్చోమంటారు. ఆపై బరువు లేకుండా సైకిల్ తొక్కమంటారు. అక్కడి నుంచి నిమిష నిమిషానికీ పెడల్ బరువెక్కుతుంది. మీరు ఇక తొక్కలేనంతవరకు కొనసాగిస్తారు.

మాస్కు ఉన్నప్పుడు మాట్లాడలేరు. అందుకే చేతి సైగలు ముందే నేర్పిస్తారు. ఆయాసం ఎంత, కాళ్లనొప్పి ఎంత అన్నది చార్టుపై అంకెను చూపించి చెప్పాలి. ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా వెంటనే సైగ చేయండి. మొహమాటపడి ఓర్చుకోవద్దు. అలాగని కొంచెం చెమట పట్టగానే ఆపేసినా పరీక్ష వృథా అవుతుంది. మీ గరిష్ఠ స్థాయి దాకా వెళ్తేనే రిపోర్టుకు విలువ.

ఎంత ప్రమాదం? శిక్షణ పొందిన సిబ్బంది పర్యవేక్షణలో చేసినప్పుడు లక్ష పరీక్షలకు 2 నుంచి 5 మరణాలు ఉండవచ్చని అమెరికా శ్వాసకోశ వైద్య సంఘాలు 2003 నాటి ప్రకటనలో పేర్కొన్నాయి. ముప్పు తక్కువే, పూర్తిగా లేకపోలేదు. అందుకే గదిలో డీఫిబ్రిలేటర్, అత్యవసర మందులు, డాక్టర్ అందుబాటులో ఉండాలి.

రిపోర్టులో ఏ అంకెలు చూడాలి?

రిపోర్టు తెరవగానే తొమ్మిది చిన్న గ్రాఫులు కనిపించవచ్చు. చూసి కంగారు పడకండి. ముందు ఈ ఐదు అంకెలు వెతకండి.

1. ఆర్ఈఆర్: వదిలిన కార్బన్ డై ఆక్సైడ్‌ను, తీసుకున్న ఆక్సిజన్‌తో భాగిస్తే వచ్చే అంకె. ఇది 1.10 దాటితే మీరు నిజంగా గట్టిగా శ్రమించినట్లు. 1.00 కూడా చేరకుండానే ఆపేసి ఉంటే, మిగతా అంకెలు తక్కువగా ఉన్నాయని గుండెకు జబ్బు అంటగట్టలేం. అందుకే ముందు దీన్ని చూడాలి.

2. పీక్ వీఓ2: శ్రమ పతాకస్థాయిలో కిలో బరువుకు, నిమిషానికి వాడుకున్న ఆక్సిజన్. ఉదాహరణకు 70 కిలోల వ్యక్తి నిమిషానికి 1,400 మిల్లీలీటర్లు వాడితే, పీక్ వీఓ2 20 అన్నమాట. గుండె వైఫల్యం ఉన్నవారిని దీన్నిబట్టి నాలుగు తరగతులుగా చూస్తారు. 20 పైన ఉంటే సమస్య లేదు లేదా స్వల్పం. 16 నుంచి 20 మధ్య ఓ మోస్తరు. 10 నుంచి 16 మధ్య ఎక్కువ. 10 లోపు తీవ్రం. వయసు, లింగం, బరువునుబట్టి సాధారణ విలువ మారుతుంది కాబట్టి పక్కనే ఉండే 'ప్రిడిక్టెడ్' శాతాన్ని కూడా చూడాలి. ఆ లెక్కకు వాడిన సూత్రం ఎవరి కొలతలపై తయారైందో డాక్టర్‌ను అడగండి. పాశ్చాత్యుల కొలతలతో చేసిన సూత్రాలు మన శరీరాలకు అన్నివేళలా సరిపోవు.

3. అనేరోబిక్ థ్రెషోల్డ్: మీరు చేరాల్సిన గరిష్ఠ వీఓ2లో 40 శాతం కూడా చేరకముందే ఇది వచ్చేస్తే, ఆక్సిజన్ సరఫరాలో ఎక్కడో లోపం ఉందని అనుమానిస్తారు.

4. వీఈ/వీసీఓ2 స్లోప్: ఒక లీటరు కార్బన్ డై ఆక్సైడ్‌ను బయటకు పంపడానికి ఎన్ని లీటర్ల గాలి ఆడించాల్సి వస్తోందో చెబుతుంది. 30 లోపు ఉంటే మంచిది. 36 దాటితే జాగ్రత్త పడాలి. 45 దాటితే గుండె వైఫల్యం ఉన్నవారిలో ముప్పు ఎక్కువని అర్థం.

5. ఆక్సిజన్ పల్స్: గుండె ఒక్కసారి కొట్టుకున్నప్పుడు శరీరానికి అందిన ఆక్సిజన్. శ్రమతోపాటు ఇది పెరుగుతూ పోవాలి. మధ్యలోనే పెరగడం ఆగిపోతే, గుండె ఒక్కో స్పందనలో పంపే రక్తం పెరగడం లేదేమోనని చూస్తారు.

కొన్ని రిపోర్టుల్లో 'మెట్స్' అని ఉంటుంది. ఒక మెట్ అంటే కిలోకు నిమిషానికి 3.5 మిల్లీలీటర్లు. అంటే కూర్చున్నప్పుడు అయ్యే ఖర్చు. నిదానంగా మెట్లెక్కడానికి సుమారు 4 మెట్స్ కావాలి. పది పన్నెండు కిలోల పైన బరువు మోసుకుంటూ ఎక్కితే 8 దాకా అవుతుంది. ఇప్పుడు పీక్ వీఓ2 14 ఉన్న వ్యక్తిని తీసుకోండి. ఆయన గరిష్ఠ సామర్థ్యమే 4 మెట్స్. మనకు మామూలుగా అనిపించే మెట్లు ఆయనకు పరుగుపందెంతో సమానం. సామాన్లు ఎత్తే పని, గోదాముల్లో లోడింగ్ పని చేసేవారికి ఉద్యోగంలో తిరిగి చేరవచ్చా అన్న నిర్ణయానికి ఈ లెక్క ఉపయోగపడుతుంది.

ఆయాసం ఎక్కడి నుంచి వస్తోంది?

గుండె కారణమైతే: పీక్ వీఓ2 తగ్గుతుంది. థ్రెషోల్డ్ త్వరగా వస్తుంది. ఆక్సిజన్ పల్స్ పెరగకుండా ఆగిపోతుంది. శ్వాసకు మాత్రం ఇంకా రిజర్వు మిగిలే ఉంటుంది.

ఊపిరితిత్తులు కారణమైతే: గుండె వేగం గరిష్ఠానికి చేరకముందే శ్వాస సామర్థ్యం అయిపోతుంది. వేలికి పెట్టిన క్లిప్పులో ఆక్సిజన్ శాతం పడిపోవచ్చు.

రక్తహీనత అయితే: ఒక గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను మోస్తుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 14 గ్రాములుంటే దాదాపు 19 మిల్లీలీటర్లు, 8 గ్రాములే ఉంటే దాదాపు 11 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వెళ్తుంది. గుండె బాగానే ఉన్నా రిపోర్టు గుండెజబ్బులాగే కనిపించవచ్చు.

శ్రమకు అలవాటు తప్పితే: ఏళ్ల తరబడి కుర్చీకే అతుక్కుపోయినవారిలో వీఓ2 కొద్దిగా తగ్గి, మిగతావన్నీ దాదాపు సాధారణంగా ఉంటాయి. స్వల్ప గుండెజబ్బుకు, దీనికి తేడా చెప్పడం కొన్నిసార్లు కష్టమే. అప్పుడు కొన్ని వారాలు వ్యాయామం చేయించి మళ్లీ చూస్తారు.

ఎవరికి బాగా ఉపయోగం?

గుండె వైఫల్యం ఉన్నవారికి: గుండె మార్పిడి జాబితాలో ఎవరిని చేర్చాలన్న నిర్ణయంలో సీపెట్‌ది పెద్ద పాత్ర. 1991లో డోనా మాన్సినీ బృందం అమెరికాలో ఒక అధ్యయనం వెలువరించింది. పీక్ వీఓ2 14 కంటే ఎక్కువ ఉన్న రోగుల్లో 94 శాతం మంది మార్పిడి లేకుండానే ఏడాది తర్వాత జీవించి ఉన్నారు. అంటే వారికి ఆపరేషన్‌ను వాయిదా వేయవచ్చు. ఇప్పుడు బీటా బ్లాకర్ మందులు వాడుతున్నవారికి 12ను, వాడనివారికి 14ను ముఖ్యమైన గీతగా చూస్తున్నారు.

దీని విలువేంటో హైదరాబాద్ వాసులకు వేరే చెప్పక్కర్లేదు. 2025 జనవరి 17న ఎల్బీనగర్ నుంచి లక్డీకాపూల్‌లోని ఆసుపత్రికి ఒక దాత గుండెను మెట్రో రైలులో 13 నిమిషాల్లో తరలించారు. 2021 ఫిబ్రవరిలోనూ నాగోల్ నుంచి జూబ్లీహిల్స్‌కు మెట్రోలోనే గుండె వెళ్లింది. రాష్ట్రంలో అవయవదానాన్ని 'జీవన్‌దాన్' సమన్వయం చేస్తోంది. ఒక్కో గుండె ఎంతో కష్టం మీద దొరుకుతుంది. అది ఎవరికి ముందు అవసరమో, ఎవరు మందులతో నెట్టుకురాగలరో చెప్పే ఆధారాల్లో ఈ పరీక్ష ఒకటి.

పెద్ద ఆపరేషన్‌కు ముందు: ఊపిరితిత్తిలో కొంత భాగం తీసేయాల్సి వచ్చినప్పుడు పీక్ వీఓ2 20 పైన ఉంటే ముప్పు తక్కువ, 10 లోపు ఉంటే చాలా ఎక్కువ. వయసు మీరినవారి పెద్ద శస్త్రచికిత్సల్లో థ్రెషోల్డ్ 11 కంటే తక్కువ ఉంటే ఐసీయూ ఏర్పాట్లు ముందే చూసుకోవాలని డాక్టర్లు భావిస్తారు.

కారణం తెలియని ఆయాసానికి: గుండె, ఊపిరితిత్తుల జబ్బులు రెండూ ఉన్నవారిలో ప్రస్తుత ఇబ్బందికి ఏది ప్రధాన కారణమో తేలుతుంది.

గుండెపోటు తర్వాత వ్యాయామానికి: నిమిషానికి గుండె ఎన్నిసార్లు కొట్టుకునేదాకా నడవవచ్చు అన్న హద్దును 'వయసునుబట్టి లెక్క'తో కాకుండా మీ సొంత కొలతతో చెప్పగలరు.

ఎవరు చేయించుకోకూడదు?

గుండెపోటు వచ్చి కొద్ది రోజులే అయినవారు, విశ్రాంతిలోనూ ఛాతీనొప్పి వస్తున్నవారు, అదుపులో లేని గుండెలయ సమస్యలు ఉన్నవారు, లక్షణాలతో కూడిన తీవ్ర అయోర్టిక్ వాల్వ్ సన్నబడటం ఉన్నవారు, ఒళ్లంతా నీరు చేరి ఊపిరాడని స్థితిలో ఉన్నవారు, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టినవారు ఈ పరీక్షకు వెళ్లకూడదు. జ్వరం, గుండె కండరం వాపు ఉన్నప్పుడూ వద్దు. మోకాళ్లనొప్పులు బాగా ఉంటే సైకిల్, ట్రెడ్‌మిల్ రెండూ కష్టమే కాబట్టి ఆ విషయం ముందే చెప్పండి.

సీపెట్‌కు ముందు ఉచితంగా ఏం చేయించుకోవచ్చు?

ఇక్కడే చాలామంది డబ్బు వృథా చేసుకుంటారు. రక్తహీనత, థైరాయిడ్, షుగర్ లాంటి మామూలు కారణాలు చూడకుండా నేరుగా పెద్ద పరీక్షకు వెళ్తారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019-21) ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. మీ ఇంట్లో ఆయాసపడుతున్నది అమ్మో, అక్కో అయితే ముందు హిమోగ్లోబిన్ చూపించండి.

• దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో, బస్తీ దవాఖానాకో వెళ్లండి. డాక్టర్ రాసిన రక్త పరీక్షలను తెలంగాణ డయాగ్నస్టిక్స్ ద్వారా ఉచితంగా చేస్తారు.

• ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే, ఎకో, స్పైరోమెట్రీ.. ఈ నాలుగూ అయ్యాకే సీపెట్ గురించి ఆలోచించాలి. ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో, నిమ్స్‌లో కార్డియాలజీ విభాగాలున్నాయి. ఊపిరితిత్తుల సమస్య అనుమానం ఉంటే ఎర్రగడ్డలోని ఛాతీ ఆసుపత్రి ఉంది.

• విమానాశ్రయంలోనో, చుట్టుపక్కల గోదాములు, హోటళ్లలోనో కాంట్రాక్టు ఉద్యోగం చేస్తూ నెల జీతం రూ.21,000 లోపు ఉంటే, మీకు ఈఎస్ఐ ఉందేమో పే స్లిప్పులో చూసుకోండి. ఉంటే ముందు ఈఎస్ఐ డిస్పెన్సరీకి వెళ్లి, అక్కడి నుంచి సనత్‌నగర్ ఈఎస్ఐసీ ఆసుపత్రికి రిఫరల్ అడగండి.

• ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో రూ.10 లక్షలకు పెంచారు. అయితే ఈ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు. ఒక్క సీపెట్ కోసమే వెళ్తే వర్తిస్తుందనుకోవద్దు. నెట్‌వర్క్ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి, లేదంటే 104కి ఫోన్ చేయండి. ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉన్నవారు కూడా ఓపీ పరీక్షలకు కవర్ ఉందో లేదో ముందే కనుక్కోవాలి.

శంషాబాద్ వైపు ఉండేవారు ఎలా ప్లాన్ చేసుకోవాలి?

టీఎంటీ చాలా ఆసుపత్రుల్లో దొరుకుతుంది. సీపెట్ అంత విస్తృతంగా లేదు. యంత్రం ఖరీదైనది, దాన్ని నడిపే టెక్నీషియన్, రిపోర్టు చదవగల డాక్టర్ ఇద్దరూ కావాలి. కాబట్టి పెద్ద ఆసుపత్రుల్లోని పల్మనాలజీ, కార్డియాలజీ విభాగాలకు, స్పోర్ట్స్ మెడిసిన్ కేంద్రాలకు ముందు ఫోన్ చేసి కనుక్కోవాలి. విమానాశ్రయం నగరానికి దాదాపు 24 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆరాంఘర్ దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే 11.6 కిలోమీటర్లలో మెహిదీపట్నం చేరతారు. ఫోన్ చేయకుండా అంత దూరం వెళ్లి 'ఆ మెషిన్ లేదు' అనిపించుకోవద్దు.

ఫోన్‌లో ఈ ఐదు ప్రశ్నలు అడగండి.

1. మీరు చేసేది మాస్కు పెట్టి శ్వాసను కొలిచే సీపెట్టేనా, మామూలు టీఎంటీనా?

2. యంత్రాన్ని పరీక్షకు ముందు క్యాలిబ్రేట్ చేస్తారా?

3. పరీక్ష జరిగేటప్పుడు డాక్టర్ ఉంటారా?

4. రిపోర్టును ఎవరు విశ్లేషిస్తారు? గ్రాఫులు కూడా ఇస్తారా?

5. మొత్తం ఖర్చెంత? స్పైరోమెట్రీ, కన్సల్టేషన్ అందులో కలిపే ఉన్నాయా?

పరీక్ష రోజు జాగ్రత్తలు: రెండు మూడు గంటల ముందు నుంచి కడుపు నిండా తినొద్దు. టీ, కాఫీ, సిగరెట్ మానేయండి. నైట్ షిఫ్టు దిగి నేరుగా వెళ్లొద్దు. నిద్ర సరిపోయిన రోజే అపాయింట్‌మెంట్ పెట్టుకోండి. బూట్లు, వదులైన దుస్తులు వేసుకోండి. చీరతో సైకిల్ తొక్కడం కుదరదు కాబట్టి మహిళలు సల్వారో, ట్రాక్ ప్యాంటో తీసుకెళ్లాలి. వాడే మందుల పేర్లన్నీ రాసుకెళ్లండి. బీటా బ్లాకర్లు గుండె వేగాన్ని తగ్గిస్తాయి, దానివల్ల ఫలితం మారుతుంది. అలాగని వాటిని మీ అంతట మీరు ఆపేయవద్దు. డాక్టర్ చెబితేనే ఆపాలి. తోడుగా ఒకరిని తీసుకెళ్లండి. తిరుగు ప్రయాణంలో బండి మీరు నడపకుండా ఉంటే మంచిది.

విమానం ఎక్కాలంటే సీపెట్ కావాలా?

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు తరచూ అడిగే ప్రశ్న ఇది. సాధారణంగా అవసరం లేదు. గల్ఫ్ ఉద్యోగాల మెడికల్‌లోనూ ఈ పరీక్ష ఉండదు.

అయితే ఒక సంగతి తెలుసుకోవాలి. శంషాబాద్ విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 2,000 అడుగుల ఎత్తులో ఉంది. విమానం గాల్లో ఉన్నప్పుడు క్యాబిన్‌లో గాలి ఒత్తిడి 8,000 అడుగుల ఎత్తున్న కొండపై ఉన్నంత తక్కువకు పడిపోవచ్చు. నేలపై 15 శాతం ఆక్సిజన్ ఉన్న గాలి పీల్చినట్లే లెక్క. ఆరోగ్యవంతులకు ఇది తెలియను కూడా తెలియదు. ఊపిరితిత్తుల జబ్బు, గుండె వైఫల్యం ఉన్నవారికి ఇబ్బంది కావచ్చు. అలాంటివారికి 15 శాతం ఆక్సిజన్ గాలి పీల్పించి చూసే 'హైపాక్సియా ఛాలెంజ్' అనే వేరే పరీక్ష ఉంది. గుండెపోటు, స్టెంట్, బైపాస్ అయి కొన్ని వారాలే అయితే మీ కార్డియాలజిస్టు అనుమతి తీసుకోండి. విమానయాన సంస్థ అడిగే 'మెడిఫ్' ఫారాన్ని ముందుగానే నింపించండి. టెర్మినల్‌లో చాలా నడవాల్సి ఉంటుంది. టికెట్ బుక్ చేసేటప్పుడే వీల్‌చైర్ అడగడానికి మొహమాటం వద్దు.

స్మార్ట్‌వాచ్ చూపే వీఓ2 మ్యాక్స్‌ను నమ్మొచ్చా?

వాచ్ మీ శ్వాసను కొలవదు. నడక వేగం, గుండె వేగం, వయసు, బరువునుబట్టి అంచనా వేస్తుంది. ఆరు నెలల్లో మీ ఫిట్‌నెస్ పెరుగుతోందా, తగ్గుతోందా అని చూసుకోవడానికి పనికొస్తుంది. గుండె వేగాన్ని తగ్గించే మందులు వాడేవారిలో, గుండెలయ సమస్యలు ఉన్నవారిలో ఆ అంకె దారి తప్పించవచ్చు. వాచ్‌లో అంకె బాగుందని ఆయాసాన్ని పట్టించుకోకుండా ఉండొద్దు. తక్కువ చూపించిందని భయపడి వేల రూపాయలు పోసి ప్యాకేజీలు కొనొద్దు.

శ్రమను తట్టుకునే సామర్థ్యాన్ని నాడి, బీపీలాగే ఆరోగ్యానికి కీలక సూచికగా చూడాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2016లో సూచించింది. అందుకు ప్రతి ఒక్కరూ సీపెట్ చేయించుకోనక్కర్లేదు. నిరుడు ఆగకుండా ఎక్కిన మెట్లను ఈ ఏడాది మధ్యలో ఆగి ఎక్కాల్సి వస్తోందా అన్నది గమనించుకోండి. తేడా ఉంటే అదే మాట డాక్టర్‌తో చెప్పండి. 'ఆయాసంగా ఉంది' అనడం కంటే 'మార్చిలో మూడంతస్తులు ఎక్కేదాన్ని, ఇప్పుడు ఒక అంతస్తుకే ఆగుతున్నా' అంటే డాక్టర్‌కు చాలా విషయం తెలుస్తుంది. పరీక్షలన్నీ నార్మల్ వచ్చి, ఆయాసం తగ్గకపోతే 'నాకు సీపెట్ ఉపయోగపడుతుందా?' అని అడగడం మీ హక్కు.

ఇవి కనిపిస్తే పరీక్ష కాదు, అంబులెన్స్ కావాలి

• ఛాతీలో పట్టేసినట్లు, బరువు పెట్టినట్లు ఉండి కొన్ని నిమిషాల్లో తగ్గకపోవడం

• నొప్పి ఎడమ చేయి, దవడ, వీపులోకి పాకడం, చల్లని చెమటలు పట్టడం

• కూర్చున్నా, పడుకున్నా ఊపిరాడకపోవడం

• శ్రమ చేస్తుండగా స్పృహ తప్పడం

షుగర్ ఉన్నవారిలో, మహిళల్లో, పెద్ద వయసువారిలో నొప్పి లేకుండా కేవలం ఆయాసం, నీరసం, వికారంతోనూ గుండెపోటు రావచ్చు. సొంతంగా బండి నడుపుకుంటూ ఆసుపత్రికి బయల్దేరవద్దు. 108కి ఫోన్ చేయండి. హైవే మీదో, ఔటర్ రింగ్ రోడ్డు మీదో ఉంటే కిలోమీటరు రాయి, ఎగ్జిట్ నంబరు చెప్పండి. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కింద ఉంటే పిల్లర్ నంబరు చెప్పండి. విమానాశ్రయం లోపల ఉంటే దగ్గర్లోని సిబ్బందికి చెప్పండి, వారు అక్కడి వైద్య బృందాన్ని పిలిపిస్తారు.

(ఈ కథనం అవగాహన కోసమే. మందులు, పరీక్షల విషయంలో మీ డాక్టర్ సలహానే పాటించండి.)